మీ పై ఇల్లు ఎవరిది?

భద్రాచలం వెళ్లొచ్చానంటే అందరూ ప్రసాదం కోసం చెయ్యి చాస్తారు. నేను వెళ్లింది దర్శనానికి కాదు, ఉద్యోగానికి. ఆ మాట చెప్పగానే చాచిన చెయ్యి మెల్లగా ఓదార్పుగా నా భుజం మీదికి వస్తుంది.

హైదరాబాద్‌లో పద్దెనిమిదేళ్లు ఒకే హోటల్లో రిసెప్షన్ కౌంటర్ వెనక నిలబడ్డాను. దాన్ని ఫ్రంట్ ఆఫీస్ అంటారు కానీ నేను ముందుకు పోయింది లేదు. కిందటి దీపావళి తరువాత ఆ హోటల్ అమ్ముడుపోయి కోచింగ్ సెంటర్ అయింది. గదుల్లో ఇప్పటికీ జనం ఉంటారు, కాకపోతే నిద్రపోనివ్వరు. నలభై దాటిన రిసెప్షనిస్టును మళ్లీ ఎవరూ రిసీవ్ చేసుకోలేదు. అప్పుడు పాత గెస్టు ఒకాయన భద్రాచలంలో ఒక లాడ్జికి మేనేజర్ కావాలని చెప్పాడు. జీతం పాతదాంట్లో సగానికి కొంచెం ఎక్కువ.

జీతానికీ జీవితానికీ మధ్య తేడా ఒక్క అక్షరమే. హైదరాబాద్‌లో జీతం ఉండేది కానీ ఆ 'వి' దొరికేది కాదు. విరామమో, విశ్రాంతో, దాన్ని ఏమన్నా అనుకోండి. చిన్న ఊళ్లో అదేమైనా దొరుకుతుందేమో చూసి రమ్మని నా భార్య సుజాత పంపింది. పంపేముందు ఆమె అడిగింది ఒక్కటే: "సగం జీతంల బతుకుతం, అది నేను చూసుకుంట. గని అక్కడ మనకెవరున్నరు?"

దేవుడున్నాడు అన్నాను. ఆయన ఫోన్ ఎత్తడు కదా అంది.

ఖమ్మంలో తుమ్ములు

ఖమ్మం నన్ను తుమ్ములతో ఆహ్వానించింది. మిర్చి సీజను. మార్కెట్ వైపు నుంచి గాలి తిరిగితే బస్టాండంతా ఒకేసారి తుమ్ముతుంది. ప్రయాణానికి తుమ్ము అపశకునమంటారు. ఈ లెక్కన ఈ నెలల్లో ఖమ్మం నుంచి ఒక్క బస్సు కూడా కదలకూడదు.

కొత్తగూడెం బస్సులో నా పక్కన ఏన్కూరు రైతు కూర్చున్నాడు. మిర్చి అమ్ముకుని తిరిగి పోతున్నాడు. ఒడిలో ఖాళీ గోనెల కట్ట.

"ఏడికి?" అన్నాడు.

"భద్రాచలం."

"మొక్కా?"

"కాదు, ఉద్యోగం."

"గవర్నమెంటా?"

"ప్రైవేటు. లాడ్జి."

కాసేపు నన్ను జాలిగా చూసి, సంచిలోంచి రేగు వడియం తీసి చేతిలో పెట్టాడు. "మంచిగనే ఉంటది తియ్. దేవుడున్న ఊర్ల గిరాకి పోదు. మా మిర్చికే ఏ దేవుడు లేడు."

"రేటు రాలేదా?"

"వచ్చింది. నేను పోకముందు వచ్చింది, నేను వచ్చినంక మళ్ల వస్తదట." చెప్పి తనే గట్టిగా నవ్వాడు. ఏన్కూరులో దిగేటప్పుడు గోనెలు నా ఒళ్లో మరిచిపోయి, కిటికీ దగ్గరికి వచ్చి తీసుకున్నాడు. నేను ఇంకో రెండు ఊళ్లు తుమ్ముతూనే ఉన్నాను.

కొత్తగూడెం చేరేలోపు సుజాతనగర్ అనే ఊరు వస్తుంది. బోర్డు ఫొటో తీసి మా ఆవిడకు పంపాను, 'నీ పేరు మీద ఊరే ఉంది' అని. 'నీ పేరు మీద ఇల్లన్న ఉందా?' అని జవాబు వచ్చింది. సిగ్నల్ పోయింది అనుకునేలా ఫోన్ జేబులో పెట్టేశాను.

పాల్వంచ దాటాక అడవి రోడ్డు మీదికి వస్తుంది. ఇప్పచెట్లు ఆకులు రాల్చుకుని పూతకు సిద్ధంగా ఉన్నాయి. ఆ తరువాత వంతెన, వంతెన కింద గోదావరి. వేసవి ముందు నది సన్నగా, మధ్యలో ఇసుక దిబ్బలతో, ఎవరికీ ఏ అపకారం తెలియనట్టు పడుకుని ఉంది. ఈమెకేనా ఇంత ఎత్తు కరకట్ట కట్టారు అనుకున్నాను. కొత్తవాళ్లంతా అలాగే అనుకుంటారట.

లాడ్జిలో మొదటి పూట

లాడ్జి యజమాని సత్యవతమ్మ గారు. వేంసూరు ఆడపడుచు, అరవై దాటినావిడ. కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది. లోకాన్ని చూడటానికి కళ్లు చాలు, బిల్లు చూడటానికి జోడు.

"మూడ్రోజులు ఉండు నాయనా. నేను నిన్ను చూస్తాను, నువ్వు ఊరిని చూడు. ఇద్దరికీ నచ్చితే అప్పుడు మాట్లాడుకుందాం," అన్నారు.

ఉన్న ఒక్క రూమ్ బాయ్ పేరు ముత్తయ్య. బాయ్ అనడం అలవాటు కొద్దీనే, ఆయనకు యాభై దాటాయి. చర్ల దారిలో అడవి పల్లె. ఇంటికి ఫోన్ చేస్తే కోయలో మాట్లాడతాడు, మాతో తెలుగులో వెక్కిరిస్తాడు.

"మా తమ్ముని కొడుకు హోటల్ల పని చేస్తనని హైదరాబాద్ పోయిండు సార్. నువ్వేమో ఆడికెళ్లి హోటల్ పనికి ఈడికొస్తివి. దారిల ఎదురుబడ్డరా?"

సాయంత్రం ఊరు తిరిగాను. ఇడ్లీ ప్లేటు హైదరాబాద్‌లో మా వీధి ధరకు సగానికే, చట్నీ ఎన్నిసార్లు అడిగినా ముఖం మాడ్చకుండా. ఆటోవాడు ఇరవై అడిగాడు. బేరం కోసం నోరు తెరిచి, హైదరాబాద్‌లో ఆ డబ్బుకు ఆటోలో కూర్చోనివ్వరని గుర్తొచ్చి, ఆవలించినట్టు నటించాను. మెస్సులో గోదావరి చేప పులుసు తిన్నాను. బొంగులో కాల్చిన చికెన్ కూడా తిన్నాను కానీ నా వాటాకు బొంగే ఎక్కువ వచ్చింది. ఇప్పపువ్వు లడ్డు మాత్రం రెండు కొన్నాను, ఒకటి సుజాతకు. దారిలో రెండూ నేనే తిన్నాను.

అన్నీ చవకేమీ కాదు. హైదరాబాద్ నుంచి లారీలో వచ్చేవన్నీ హైదరాబాద్ ధరకే, పైన లారీ ఖర్చు. పెద్ద జబ్బు చేస్తే ఖమ్మం దవాఖానాకో, అది కాకుంటే హైదరాబాద్‌కో పరుగు. ఉద్యోగాలంటే గుడి చుట్టూ లాడ్జీలు, మెస్సులు, ఏటి అవతల కాగితం ఫ్యాక్టరీ, ఆ పైన మణుగూరు బొగ్గు గనులు. డిగ్రీ చదివిన పిల్లలు బస్సెక్కుతున్నారు. నాలాంటివాళ్లు దిగుతున్నారు.

పసుపు రాసిన సంచి

రెండో రోజు పొద్దున సత్యవతమ్మ గారు కౌంటర్ నాకప్పగించి గుడికి వెళ్లారు. పద్దెనిమిదేళ్ల అనుభవం ఒళ్లు విరుచుకుంది. తాళాలు సర్దాను. సోఫా తిప్పాను. కౌంటర్ కింద తెల్లగుడ్డ సంచిలో వడ్లు కనిపించాయి. సంచి మూతికి పసుపు రాసి ఉంది. పురుగు పట్టకుండా అనుకున్నాను. రిసెప్షన్లో వడ్లేమిటి, ఇదేమన్నా గోదామా?

సరిగ్గా అప్పుడే మిల్లు ఆటో వచ్చింది. అమ్మగారి పొలం వడ్లు నెలకోసారి మిల్లుకు వెళ్లి లాడ్జి వంటకు బియ్యమై వస్తాయట. వెనక వరండాలోని మూటలు ఎక్కిస్తుంటే, "ఇదొకటి మరిచిపోయారు" అని ఆ తెల్ల సంచి కూడా నేనే మోసుకెళ్లి ఎక్కించాను. ముత్తయ్య పై అంతస్తులో దుప్పట్లు మారుస్తున్నాడు. ఆపేవాళ్లు లేరు.

అమ్మగారు తిరిగొచ్చి కౌంటర్ కిందికి వంగారు.

"ఇక్కడి సంచి ఏదయ్యా?"

"మిల్లుకు పంపేశానమ్మా," అన్నాను. ఆ 'పంపేశాను'లో ఎంత గర్వముందో తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

కళ్లజోడు నుదుటి మీద నుంచి కిందికి దిగింది. "ముత్తయ్యా!" అని కేకేశారు. "దేవుడి పెళ్లి తలంబ్రాలను మిల్లాడించిన మనిషిని ఎప్పుడన్నా చూశావా? ఇదుగో, వచ్చి చూడు."

మీలో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, నాకూ అప్పుడే తెలిసింది. శ్రీరామనవమి నాటి కల్యాణంలో పోసే తలంబ్రాల్లో గోటి తలంబ్రాలని కొన్ని ఉంటాయి. పూజ చేసిన విత్తనంతో పండించిన వడ్లను ఇంటింటా పంచుకుని, ఒక్కొక్క గింజనూ గోటితో ఒలుస్తారు. రోకలి తగలకూడదు, మిల్లు అసలే తగలకూడదు, గింజ విరగకూడదు. లాడ్జి కౌంటర్ కింద ఉన్నది ఆ వీధికి వచ్చినదాంట్లో సత్యవతమ్మ గారి వాటా. గది కోసం ఎదురుచూసే యాత్రికులు కూడా కూర్చుని నాలుగు గింజలు ఒలిచి పుణ్యం కట్టుకుపోతారట. ఏడాదికొకసారి వచ్చే వాటాను నేను ఒక్క పూటలో పాలిష్ బియ్యం చేశాను.

మిల్లుకు ఫోన్ చేస్తే అప్పటికే ఆడించేశామన్నారు. "వేరే వడ్లు కొనుక్కొస్తానమ్మా," అన్నాను.

"ఎక్కడ కొంటావు? అవి పూజ చేసిన విత్తనం పంట." కాసేపు నన్నూ, నేను తిప్పిన సోఫానూ చూశారు. "ఈ వీధిలో, కరకట్ట దాకా, తలా ఇంత తీసుకున్నారు. వెళ్లి అడుక్కో. ఇంటికో దోసెడు పెడితే సంచి నిండుతుంది. ఉద్యోగం సంగతి సంచి నిండాక చూద్దాం."

"మరి ఆ మిల్లాడించిన బియ్యం?"

"దద్దోజనం చేయిస్తాను. నువ్వే వడ్డించు."

వీధిలో మిల్లు మేనేజర్

ఖాళీ సంచి, పక్కన ముత్తయ్య. నేను గడప ఎక్కేలోపే కబురు ముందు ఎక్కేది.

"మిల్లు మేనేజర్ ఈయనేనా?"

"అవ్, ఈయనే," అనేవాడు ముత్తయ్య, నన్ను వేలంలో చూపిస్తున్నట్టు. "చెయ్యి మంచిది. ఏది ఇచ్చినా బియ్యం చేస్తడు."

వడ్లు తీసుకున్నవాళ్లలో ఆ రోజు నవ్వని ఇల్లు లేదు, దోసెడు పెట్టని ఇల్లూ లేదు. ఒక ముసలమ్మ మాత్రం దోసెడు పోసి, సంచి మూతి ముడి తనే వేసి, "మళ్ల ఆటో కనబడితే దూరం నడువు బిడ్డా," అంది.

ఎలాగూ గడప ఎక్కుతున్నాను కదా అని ప్రతి ఇంట్లోనూ కిరాయిలు అడిగాను. అప్పుడే ఈ ఊరి అసలు కొలత తెలిసింది. హైదరాబాద్‌లో ఇంటి కిరాయి మెట్రో స్టేషన్ ఎంత దూరమో చెబుతుంది. ఇక్కడ గోదావరి ఎంత ఎత్తుకొస్తే నీళ్లు చేరతాయో చెబుతుంది. వరద పెరిగేకొద్దీ అధికారులు మూడు ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. జనం ఇళ్లకు ఆ పేర్లే పెట్టుకున్నారు. "మాది మూడో హెచ్చరిక దాటినా తడవదు, తొమ్మిది వేలు." "మాది రెండోదానికి గడప దాక వస్తది, ఆరున్నర." గుడి కనిపించే గది, గాలి వచ్చే కిటికీ, ఇవన్నీ ఆ తరువాతి మాటలు.

మా మూసాపేటలో రెండు గదులకు నేను కట్టేది పద్నాలుగు వేలు, నీళ్లు రాకపోయినందుకు. ఇక్కడ నీళ్లు వస్తే తగ్గిస్తారు.

నా కొత్త జీతానికి అందేది మొదటి హెచ్చరిక ఇల్లే. కరకట్ట దగ్గర అలాంటిదొకటి ఖాళీగా ఉందని ముత్తయ్య తీసుకెళ్లాడు. "ఈడ వడ్లు దొరకయ్, ఇల్లు దొరుకుతది," అన్నాడు. ఇంటాయన యాకూబ్ భాయ్ దర్జీ. ముందు గదిలో మిషను, పక్కన రేకుల పోర్షన్, వాకిట్లో జామచెట్టు. నాలుగున్నర వేలు. నాకు జామచెట్టు దగ్గరే మనసు ఆగిపోయింది. అడ్వాన్సు ఎంత అన్నాను.

యాకూబ్ భాయ్ నోట్లోంచి గుండుసూదులు తీసి అడిగాడు. "అడ్వాన్సు తర్వాత. మీ పై ఇల్లు ఎవరిది?"

"పైన రేకులే కదా భాయ్?"

ముత్తయ్య నవ్వు ఆపుకోవడానికి జామచెట్టు వెనక్కి వెళ్లాడు.

"గట్ల గాదు సార్," అన్నాడు యాకూబ్ భాయ్ ఓపికగా. "గోదారి లేస్తే మనుషులకు సర్కారు జాగ చూపెడతది. స్కూల్ల పెడతరు, అన్నం పెడతరు. బీరువాకు ఎవరు చూపెడతరు? మంచం, ఫ్రిజ్, బియ్యం డబ్బా ఏడ పెడతరు? గందుకే కింది ఇంటోళ్లకు అందరికీ ఒక పై ఇల్లుంటది. తెలిసినోళ్లది. నాకు ఆ మూలమీది కనకమ్మక్క ఇల్లు. నీళ్లొచ్చిన్నాడు జల్దీ సామాను మోసుకపోయి ఆళ్ల పై అర్రల పెడత."

"దానికి కిరాయి?"

ఆయన నా వైపు, నేను చొక్కాకు గుండీ తప్పు పెట్టుకున్నట్టు చూశాడు. "దానికి కిరాయేంది? తెలిసినోళ్లు అంటున్న గదా."

"నాకు ఎవరూ తెలియదు భాయ్."

"మరి గదే. పై ఇల్లు లేనోళ్లకు నేనియ్య. ఎన్కట ఒకాయనకిచ్చిన. నీళ్లొచ్చిన్నాడు ఆయన సామాను నేను మోసిన, నా మిషను మునిగింది."

ఆ రాత్రి భోజనాల వేళ సుజాతకు ఫోన్ చేసి ఇడ్లీ గురించి, జామచెట్టు గురించి చెప్పాను. పై ఇంటి గురించి కూడా చెప్పక తప్పలేదు. "నేనడిగింది కూడ గదే గద," అంది నెమ్మదిగా. "ఆ దర్జీ ఆయనకు ఉన్న తెలివి నీకు లేకపాయె."

కనకమ్మ గారి అరుగు

మూడో రోజు పొద్దునకు సంచికి ఇంకా మూతి దగ్గర జానెడు ఖాళీ ఉంది. మిగిలింది మూలమీది కనకమ్మ గారి మేడ. భర్త రాజలింగం మణుగూరు గనుల్లో చేసి రిటైరయ్యాడు. వచ్చిన డబ్బుతో, జీవితమంతా భూమి కిందే ఉన్నాను ఇక చాలు అని, వీధిలో అందరికన్నా ఎత్తుగా కట్టించాడట.

కనకమ్మ గారు నవ్వలేదు. దోసెడు కూడా పెట్టలేదు.

"పెడితే ఏం జేస్తవ్? మళ్ల మిల్లుకేస్తవ్. గీడ కూసో. ఒలిచి చూపెట్టు, అప్పుడు పెడత."

కూర్చున్నాను. మొదటి గింజ విరిగింది. రెండోది విరిగింది. మూడోది ఎగిరి రాజలింగం గారి టీలో పడింది.

"ఏందయ్యా గిది, శత్రువు మీద పడ్డట్టు పడుతున్నవ్! మెల్లగ. మొనకాడ పట్టాలె."

"నన్ను కూడ గిట్లనే సతాయించింది," అన్నాడు రాజలింగం గారు గింజను వేలితో తీస్తూ. "ముప్పై ఏండ్లు బొగ్గు పలగ్గొట్టిన చేతులు ఇవి. ఇప్పుడు గింజ పలగొద్దంటది. రెండేండ్లు పట్టింది నాకు."

"రెండేండ్లయినా పది గింజలకు ఆరు ఇరగ్గొడతడు," అంది ఆమె.

ఎండ అరుగు దిగిపోయేదాకా ఒలిచాను. బొటనవేలి గోరు కింద మండుతోంది. మధ్యలో ఆమె జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది, మంచినీళ్లు ఇచ్చింది, మా అమ్మాయి ఏం చదువుతుందో, సుజాతది ఏ ఊరో అడిగింది. జనగామ అంటే, "మా క్వార్టర్ల పక్కింటామెది కూడ జనగామే. నోరు పెద్దది, మనసు మంచిది," అంది. నేను మొదటి సగం ధ్రువీకరించాను. చివరికి నా ఇత్తడి గిన్నెలో విరగని గింజలు అడుగు కప్పేటన్ని తేలాయి. ఆమె వాటిని అరచేతిలో పోసుకుని, ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చూసి, తన గిన్నెలో కలిపేసుకుంది. తరువాత లోపలికి వెళ్లి నా సంచి మూతి దాకా వడ్లు నింపింది.

సంచి తీసుకెళ్లి సత్యవతమ్మ గారి ముందు పెట్టాను. ఆమె సంచి చూడలేదు, నా బొటనవేలు చూశారు.

"వీధిలో అందరికీ తెలిసిపోయావు. కొత్త మేనేజర్‌కు అది రావాలంటే ఏడాది పడుతుంది," అన్నారు. "ఒకటో తారీఖు నుంచి రా. ఆ సోఫా మాత్రం మళ్లీ తిప్పి వెళ్లు."

ఉద్యోగం వచ్చింది. సంతోషంగా సోఫా తిప్పాను. తిప్పాక అదే సోఫా మీద కూర్చుని ఆలోచనలో పడ్డాను. తొమ్మిది వేల ఇంట్లో దిగితే ఈ జీతంలో మిగిలేదేమీ ఉండదు, జామచెట్టు ఇల్లు మనకివ్వరు. సాయంత్రం బస్సు. సుజాతకు ఏమని చెప్పాలి?

బస్సుకు పోతూ వెళ్లొస్తానని చెప్పడానికి కనకమ్మ గారి ఇంటి ముందు ఆగాను. ఆమె మేడ మీద నుంచి తొంగి చూసింది.

"పైకి రా."

పై అంతస్తులో ఒక పెద్ద గది. సామానేమీ లేదు. గచ్చు మీద మాత్రం సున్నపుముక్కతో గీసిన గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో పేరు. కిటికీ పక్కన పొడుగు గడిలో 'యాకూబ్ బీరువ' అని ఉంది. గుమ్మం పక్కన ఒక మూల ఖాళీగా ఉంది. రాజలింగం గారు అక్కడ మోకాళ్ల మీద వంగి ఉన్నాడు, చేతిలో సున్నపుముక్క.

"యాకూబ్ చెప్పిండు," అంది కనకమ్మ గారు. "మీ ఫ్రిజ్ ఒక తలుపుదా, రెండు తలుపులదా?"

ఒక తలుపుదే అన్నాను.

"ఎంత ఎడల్పు? ఈయన ఊరికెనే గీస్తడు, తర్వాత పట్టకపోతే నన్నంటడు. సక్కగ కొలత చెప్పు."

కొలత నాకెలా తెలుస్తుంది? పదేళ్లుగా దాని తలుపు తెరిచి మూయడం తప్ప నేను చేసిందేముంది. అక్కడే నిలబడి సుజాతకు ఫోన్ చేశాను.

"మన ఫ్రిజ్ ఎడల్పు ఎంత?"

"ఎందుకు, అమ్ముతున్నవా?"

"కాదు. పై ఇంట్లో దానికి జాగా గీస్తున్నారు. ఆయన మోకాళ్ల మీద కూర్చున్నాడు, తొందరగా చెప్పు."

అవతల కుక్కర్ విజిల్ ఒకటి వినిపించింది. స్టవ్ కట్టేసిన శబ్దం.

"ఉండు," అంది సుజాత. "టేపు తెస్త."